షోకేసులోంచి పట్టాల మీదికి

టపా రాసి మూడు నెలలు దాటింది. ఆఫీసులో రిలీజ్ ఉందనో, ఆన్‌సైట్ వెళ్ళాననో అనుకున్న మిత్రులకు మనవి: అవేవీ కాదు. కోరుట్లలో మా ఇంటి పెరట్లో రైలు మార్గం వేస్తున్నాను. పొడవు పన్నెండు మీటర్లు. దాని మీద కార్లు నడుస్తాయి. నవ్వుకోండి, పర్లేదు. మా వాడకట్టంతా నవ్వింది :)

మా వైపు, అంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు, గల్ఫ్‌కి వెళ్ళిన మనిషున్న ఇంట్లో ఒక షోకేసు ఉంటుంది. అయిపోయిన సెంటు సీసాలు, ఎవరూ తాగని టీ కప్పుల సెట్టు, ఆగిపోయిన టేబుల్ గడియారం, అన్నీ అందులోనే. మా షోకేసులో వీటితో పాటు ఐదు బొమ్మ కార్లు ఉండేవి. నాకు రెండేళ్ళప్పుడు బాపు దుబాయ్ వెళ్ళాడు. రెండేళ్ళకోసారి సెలవు మీద వచ్చేవాడు, వచ్చినప్పుడల్లా ఒక కారు తెచ్చేవాడు. వెనక్కి లాగి వదిలితే ముందుకి ఉరికే రకం. మొదటిది ఎర్రది. తర్వాత తెల్ల పికప్, జీపు, టాక్సీ, చివర్న పోలీసు కారు. నేను ఏడో తరగతికొచ్చాక కార్లు ఆగిపోయి సెల్‌ఫోన్లు మొదలయ్యాయి.

బాపు ఇంట్లో ఉన్న రెండు నెలలూ ఆ కార్లు నావి. ఆయన ముంబై బస్సెక్కిన మర్నాడు అమ్మ వాటిని తడిగుడ్డతో తుడిచి, అద్దాల వెనక పెట్టి తాళం వేసేది. "పాడైతయ్ రా, మళ్ళ బాపు ఒచ్చినంక ఆడుకుందువు" అనేది. బాపు వచ్చేసరికి నేను రెండేళ్ళు పెద్దయ్యేవాణ్ణి. కార్లు మాత్రం అలాగే కొత్తగా ఉండేవి.

రైలు పిచ్చి వేరే కథ. చిన్నప్పుడు మాకు రైలంటే ఎక్కడికో పోయి ఎక్కాల్సిన వస్తువు. పెద్దపల్లి నుంచి కరీంనగర్, జగిత్యాల మీదుగా నిజామాబాద్ లైనుకి 1993లో, పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా శంకుస్థాపన జరిగింది. జగిత్యాలకి రైలొచ్చింది 2007లో. కోరుట్ల దాటి నిజామాబాద్ దాకా లైను పూర్తయింది 2017లో. సుమారు 177 కిలోమీటర్లకి ఇరవై నాలుగేళ్ళు! మన ప్రాజెక్ట్ మేనేజర్లకి ఈ షెడ్యూల్ ప్రింటు తీసి ఇవ్వాలి.

2007లో తాత నన్ను జగిత్యాల లింగంపేట స్టేషన్‌కి తీసుకెళ్ళాడు. ఎక్కడానికి కాదు, చూడ్డానికి. ఇంజను రంగు కూడా గుర్తులేదు నాకు. రైలు వెళ్ళిపోయాక తాత చెప్పు విప్పి, పట్టా మీద అరికాలు ఆనించి "ఇంక వేడున్నది రా" అన్నాడు. నేనూ ఆనించాను. అది ఎండ వేడో, రైలు వేడో ఇప్పటికీ తెలీదు. (దయచేసి మీరు ఆ పని చెయ్యకండి, తప్పు.)

ఇక పెరటి రైలు. ఇది నేను కనిపెట్టిందేం కాదు. జర్మనీలో న్యూరెంబర్గ్‌లో పుట్టిన ఎల్‌జీబీ అనే కంపెనీ రైళ్ళు 1968 నుంచీ ఇంటి తోటల్లో తిరుగుతున్నాయి. పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు. ఎండకీ వానకీ తట్టుకుంటాయి. ధర చూశాక బ్రౌజర్ ట్యాబ్ మూసేశాను. తర్వాత ఒకరోజు, షోకేసు అద్దం తుడవడానికి అమ్మ తాళం తీసినప్పుడు, జీపుని తిరగేసి చూశాను. అడుగున 1:36 అని అచ్చుపోసి ఉంది. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. దాన్ని 36తో భాగిస్తే 46.6. స్కేలు పెట్టి చూస్తే ఆ జీపు కుడి ఎడమ చక్రాల మధ్య దూరం కూడా దాదాపు అంతే. అంటే 45 మిల్లీమీటర్ల పట్టాల మీద మా ఐదు కార్లూ అచ్చం మన బ్రాడ్‌గేజ్ కొలతకి సరిపోతాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కార్లని పట్టాలెక్కించడం వెర్రి పనిలా కనిపిస్తుంది గానీ దానికి పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో కొలరాడో కొండల్లో రియో గ్రాండే సదరన్ అని ఒక చిన్న లైను ఉండేది. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆవిరి ఇంజను నడిపే స్తోమత లేక, 1931 నుంచి బ్యూయిక్, పియర్స్ యారో కార్లకి రైలు చక్రాలు బిగించి టపా మూటలూ మనుషుల్నీ మోశారు. మన బొబ్బిలి-సాలూరు మధ్య ఏళ్ళ తరబడి నడిచిన రైలు బస్సు కూడా ఆ వంశమే. మన దగ్గర దీనికి తలకిందులుగా కూడా జరిగింది. ఆర్టీసీ బస్సు పుట్టిందే రైల్వే కడుపున. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేలో ఒక విభాగంగా, 27 బస్సులతో మొదలైంది. అంటే రైలువాళ్ళు రోడ్డెక్కారు. నేను రోడ్డు మీది దాన్ని మళ్ళీ పట్టాలెక్కిస్తున్నాను, అంతే కదా!

కానీ అంతకు ముందు కార్లని కొయ్యాలి. బాపు 2020లో, కరోనా టైంలో, అందరిలాగే తిరిగొచ్చి మళ్ళీ వెళ్ళలేదు. మాటలు తక్కువ. పొద్దున్నే లేచి వాకిలి ఊడుస్తాడు, సాయంత్రం గేటు దగ్గర కుర్చీ వేసుక్కూర్చుంటాడు. ఇరవై ఏళ్ళు ఫోన్లో "బాగున్నవా, సదువుకుంటున్నవా" అనే మాట్లాడుకున్నాం. ఎదురెదురుగా కూర్చున్నా అవే రెండు ప్రశ్నలు. రెండోది ఇప్పుడు "ఆపీసు ఉన్నదా" అయింది.

"బాపూ, ఆ కార్లు కోసి రైలు చక్రాలు పెడదామనుకుంటున్న" అన్నాను.

"కొయ్యి. ఆడుకొమ్మనే తెచ్చిన గదా" అన్నాడు, తల ఎత్తకుండానే.

అమ్మ మాత్రం వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఇరవై ఏండ్లు గీత పడకుంట కాపాడిన. ఒచ్చినోళ్ళందరికి సూపెట్టిన. ఇప్పుడు కోస్తవా?" ఇద్దరి మాటా నిజమే. చివరికి ఒప్పందం ఏంటంటే ఎర్ర కారు ముట్టుకోకూడదు, మిగతా నాలుగూ నా ఇష్టం.

మొదట పికప్ తీశాను. ఇలాంటి కార్ల అడుగుభాగం స్క్రూలతో కాదు, రివెట్లతో బిగించి ఉంటుంది. రివెట్ తలని డ్రిల్లుతో తీసెయ్యాలి. నాది కొత్త చెయ్యి, డ్రిల్లు జారి తలుపు మీద పెద్ద గీత పడింది, కిందికి వంచుతుంటే ముందరి అద్దం ఫట్టుమంది. అమ్మ చూసింది. ఏమీ అనలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కోడ్‌లో తప్పు చేస్తే వెనక్కి తీసుకోవచ్చు, ఇక్కడ వెనక్కి తీసుకోడానికి ఏమీ లేదు. ఆ రెండు రోజులు ఈ పని మొత్తం మానేద్దామనే అనుకున్నాను.

చక్రాల కోసం సిరిసిల్ల వెళ్ళాను. మా మేనమామకి అక్కడ చిన్న లేత్ షాపు, మరమగ్గాల విడిభాగాలు చేస్తాడు. అక్కడ వాటిని సాంచాలంటారు. బండి మీద కథలాపూర్, రుద్రంగి, వేములవాడ మీదుగా ప్రయాణం. షాపులో కూర్చుంటే పక్క షెడ్డులోంచి సాంచాల చప్పుడు ఆగకుండా వినిపిస్తుంది, ఇద్దరం అరుచుకుంటూ మాట్లాడుకోవాలి. నా డ్రాయింగు చూసి "గింత చిన్నయా అల్లుడా? ఇంజనీర్ సదివింది గిందుకేనా?" అన్నాడు. కానీ వాలు అంకె చూశాక నవ్వు ఆపాడు.

ఆ వాలు సంగతి చెప్పాలి. కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, అందుకే డిఫరెన్షియల్ ఉంటుంది. రైలుకి అది లేదు. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి గట్టిగా బిగించి ఉంటాయి. మరి మలుపు ఎలా తిరుగుతుంది? చక్రం అంచు సమంగా ఉండదు, ఇరవైకి ఒకటి చొప్పున వాలుగా ఉంటుంది. మలుపులో చక్రాల జత కాస్త బయటికి జరుగుతుంది. అప్పుడు బయటి చక్రం లావుపాటి భాగం మీద, లోపలిది సన్నటి భాగం మీద నడుస్తాయి. స్టీరింగ్ పని అదే చేసుకుంటుంది. పక్కనుండే గట్టు ఆఖరి కాపలా మాత్రమే. మామకి ఇది చెప్పగానే సుమారు మూడు డిగ్రీలకి టూలు తిప్పి, ఇనప రాడ్డులోంచి పద్దెనిమిది మిల్లీమీటర్ల చక్రాలు పదహారు తీసిచ్చాడు. డబ్బులిస్తే తిట్టాడు.

ఎలక్ట్రానిక్స్ గురించి క్లుప్తంగా: వెనక్కి లాగే స్ప్రింగు పెట్టె తీసేస్తే ఆ ఖాళీలో చిన్న గేర్ మోటారు పట్టింది. పైన లిథియం సెల్, ఒక ఈఎస్పీ32 బోర్డు. ఫోన్ నుంచి నడుపుతాను. మూడు రాత్రులు బండి కదలబోయి ఆగిపోయేది. నేను కోడ్ మొత్తం తిరగరాశాను. అసలు తప్పు కోడ్‌లో లేదు. మోటారు మొదలైన క్షణంలో వోల్టేజ్ పడిపోయి బోర్డు రీసెట్ అవుతోంది. ఐదు రూపాయల కెపాసిటర్ పెడితే పోయింది. మూడు రాత్రులు!

పట్టాలకి కిటికీలు చేసే షాపులో మూడు మిల్లీమీటర్ల మందం అల్యూమినియం బద్దలు కొని నిలువుగా పెట్టాను. అడుగున మట్టి చదును చేసి కంకర పోశాను. ఏప్రిల్ మధ్యాహ్నం చూద్దును కదా, పట్టా పాములా వంకర తిరిగింది. డిసెంబర్ తెల్లవారుజాముకీ, మే ఎండలో కాలిపోతున్న లోహానికీ 45 డిగ్రీల తేడా అనుకోండి, పన్నెండు మీటర్ల అల్యూమినియం సుమారు పన్నెండు మిల్లీమీటర్లు సాగుతుంది. మూడేసి మీటర్ల ముక్కలు చేసి, అతుకు దగ్గర మూడు మిల్లీమీటర్లు వదిలాను. అది కుదిరిందనుకునేలోపు జూన్‌లో మొదటి పెద్ద వాన. కంకరంతా మురిక్కాలవలో తేలింది.

మర్నాడు శనివారం. నేను లేచేసరికి బాపు పెరట్లో ఉన్నాడు. పట్టాలన్నీ విప్పి గోడకి ఆనించాడు. చెక్క పలకలతో సెంట్రింగ్ కట్టాడు. నీళ్ళు నింపిన పారదర్శకపు గొట్టం ఒక కొస నా చేతికిచ్చి "ఈడ పట్టు" అన్నాడు. నేను ఫోన్‌లో లెవెల్ యాప్ తీస్తే చూసి, గొట్టంలో నీళ్ళ గీత చూపించి, మళ్ళీ తన పనిలో పడ్డాడు. నా లెక్కలో సమంగా ఉందనుకున్న దారి ఒక కొస నుంచి ఇంకో కొసకి ఐదు వేళ్ళు పల్లం ఉంది.

బాపు అక్కడ ఏం పని చేసేవాడో నాకు తెలుసు, కన్‌స్ట్రక్షన్ అని. ఆ కన్‌స్ట్రక్షన్‌లో ఏం కట్టాడో నేనెప్పుడూ అడగలేదు. ఆ రోజు సిమెంటు కలుపుతూ తనే చెప్పాడు. 2009 సెప్టెంబర్ 9న మొదలైన దుబాయ్ మెట్రోకి స్తంభాలు పోసిన వాళ్ళలో ఆయనా ఉన్నాడట. ఎండాకాలంలో రాత్రిళ్ళు పోసేవాళ్ళట, పగలు పోస్తే కాంక్రీటు తొందరగా గట్టిపడి పగుళ్ళిస్తుందని.

"మరి ఎక్కినవా బాపూ?"

"ఎక్కిన. ఒక్క స్టేషన్ పోయి మళ్ళ ఒచ్చిన. మేం పోసింది పైకెంచి ఎట్లుంటదో సూద్దామని."

"ఎట్లున్నది?"

"ఏం కనవడది. రైల్ల కూసుంటే స్తంభం ఎట్ల కనవడతది?"

ఇద్దరం నవ్వాం. ఆయన అంత సేపు మాట్లాడటం నాకు తెలిసి అదే మొదటిసారి. అదంతా కాంక్రీటు నిష్పత్తుల గురించే అనుకోండి. ఏడు రోజులు పొద్దునా సాయంత్రం ఆ దిమ్మెకి నీళ్ళు పట్టాడు. ఎవర్నీ ముట్టనివ్వలేదు.

ఇప్పుడు లైను నడుస్తోంది. నల్లా దగ్గరి కొస జగిత్యాల, మధ్యలో జామచెట్టు దగ్గర చిన్న మలుపు, గేటు వైపు కొస కోరుట్ల. టాక్సీని ఒక కోతి ఎత్తుకెళ్ళి పక్కింటి నీళ్ళ ట్యాంకు మీద పెట్టింది, పైకప్పు సొట్టపోయింది కానీ నడుస్తుంది. ఎర్ర కారు ఇంకా షోకేసులోనే ఉంది, తాళంచెవి అమ్మ కొంగుకే ఉంది. గీత పడ్డ పికప్ వైపు ఆవిడ ఇప్పటికీ చూడదు. నిన్న మాత్రం వాన మొదలవగానే అన్నిటికన్నా ముందు దాన్నే లోపలికి తెచ్చింది.

మా అక్క బిడ్డకి ఐదేళ్ళు. జగిత్యాల స్టేషన్‌లో కూర్చుని పికప్‌లో మామిడి పిందెలు నింపి పంపుతుంది. కోరుట్లలో బాపు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని వాటిని దించుకుని, ఖాళీ బండి వెనక్కి పంపుతాడు.

సిరిసిల్ల స్టేషన్ కూడా ప్లానులో ఉంది, గోడ పక్క, బొప్పాయి చెట్టు కింద. అసలు సిరిసిల్లకి కూడా లైను రావాలి. మనోహరాబాద్ నుంచి కొత్తపల్లి దాకా 151 కిలోమీటర్ల మార్గానికి 2016లో శంకుస్థాపన అయింది, 2023 అక్టోబర్‌లో సిద్దిపేట దాకా రైలొచ్చింది, సిరిసిల్ల వైపు పని సాగుతోంది. నా దాంట్లో అడ్డం ఒక్క పాయింటు, అదే, బండి ఒక దారి నుంచి ఇంకో దారికి మారే చోటు. ఇప్పటికి రెండుసార్లు చేశాను, రెండుసార్లూ పోలీసు కారు పట్టాలు తప్పింది. మామ ఇంకో ముక్క తీసిస్తానన్నాడు.

మొన్న సాయంత్రం బాపు అడిగాడు, "సిరిసిల్లకెప్పుడు పోతది రా?"

"పని నడుస్తున్నది బాపూ, వచ్చే నెలల అయితది."

"తొంభై మూడుల గూడ మాకు గట్లనే చెప్పిన్రు" అన్నాడు, పికప్ వెనక్కి పంపుతూ.