హెల్సింకిలో ఒక సంగీత సాయంకాలము

స్టాక్‌హోమునుండి ఓడలో బాల్టిక్ సముద్రమును దాటి, హెల్సింకి రేవున దిగి, ధవళకాంతులీను పెద్ద చర్చిని, సముద్రపుటొడ్డు సంతను చూచుటతోనే దినములు గడచిపోయినవి. నా మనస్సున నిలిచినది మాత్రము, పార్లమెంటు భవనమున కెదురుగా 2011లో ప్రారంభమైన సంగీత భవనములో నేను గడపిన సెప్టెంబరు సాయంకాలమే.

ఆ శాలలో ఆసనములు వేదికను నలువైపుల చుట్టుకొని అంచెలంచెలుగా పైకి లేచును. అందుచేత వాద్యకారుని వ్రేళ్ళ కదలిక సైతము శ్రోతకు కానవచ్చును. మొదట వినిపించినది కైయా సారియాహో రచించిన ‘షాతో ద లామ్’. 1952లో హెల్సింకిలో జన్మించి, పారిస్‌లో స్థిరపడిన ఈ విదుషి, ఒక సొప్రానో గాయనికిని, ఎనమండుగురు స్త్రీల బృందమునకును, ఆర్కెస్ట్రాకును దీనిని కూర్చినది. సాహిత్యము ఫ్రెంచి భాషలో నున్నను, దాని మూలములు ప్రాచీన భారతదేశమునకును, ఈజిప్టునకును చెందినవి. తీగ చెట్టును పెనవేసినట్లు తన ప్రియురాలు తన్ను పెనవేసుకొనవలెనని ప్రార్థించు అథర్వవేద భావము, సుదూర ఉత్తరదేశమున నున్న ఆ నగరమున, బృందగాయనుల ఊపిరిలోనుండి వెలువడుచుండగా నా ఒడలు పులకించెను. భారతదేశమనగానే సితారు మ్రోతను అనుకరించు పాశ్చాత్య రచనలు నాకెన్నడును రుచింపలేదు. ఈమె అట్టి వేషమేమియు వేయక, ఆ ప్రార్థనలోని ఆర్తిని మాత్రమే గ్రహించినది.

విరామానంతరము ఫిన్లాండు స్వరకర్త సిబేలియస్ అయిదవ సింఫనీ. 1915 ఏప్రిలులో తన తలపై తిరిగిన పదునారు హంసలను చూచి ఆయన పొందిన పరవశత్వమునకును, చివరి భాగమున హారన్లు ఊగుచు పలుకు గంభీరస్వరములకును గల సంబంధము ప్రసిద్ధమే. ఆ డిసెంబరులో, తన ఏబదియవ జన్మదినమున, ఆయనయే దీనిని నిర్వహించెను. తృప్తి కలుగక మరల మరల దిద్ది 1919లో గాని ముగింపలేదు. ఈ నడుమ రష్యా సామ్రాజ్యములోని ఫిన్లాండు స్వతంత్రమై, అంతర్యుద్ధపు రక్తపాతమును గూడ చవిచూచెను. తుదకు వాద్యములన్నియు ఆరు మారులు ఒక్కుమ్మడి మ్రోగి, ప్రతి మ్రోతకు నడుమ నిశ్శబ్దమును నిలుపునప్పుడు, శాలలో ఎవరును దగ్గనైన దగ్గలేదు. ఇంతటి శిష్టులైన శ్రోతలను నేను మరెక్కడను చూడలేదు.

మరునాడు రైలులో యార్వెన్‌పాకు పోయి, 1904 మొదలు 1957లో మరణించువరకు సిబేలియస్ నివసించిన దారుగృహమును చూచితిని. గొట్టములలో పారు నీటి చప్పుడు తన రచనకు భంగమని, ఆయన జీవించియుండగా ఆ ఇంట కుళాయి పెట్టనీయలేదట! తెచ్చుకొన్న నీటితోనే ఆ సంసారమంతయు నడపి, బిడ్డలను పెంచిన ఆయన ఇల్లాలు ఐనోను తలచుకొన్నప్పుడు, ఆ ఇంటికి ‘ఐనోలా’ యని ఆమె పేరే పెట్టుట మిక్కిలి న్యాయమనిపించెను.