చిరునామాకి చుక్కలు

గుంటూరుకి ఉత్తరమైతే 522తో, ఒంగోలుకైతే 523తో మొదలయ్యే పిన్‌కోడ్ రాయాలి. అంకె తారుమారైతే ఉత్తరం ఇంకో ఊరెళ్లిపోతుంది. కంప్యూటర్లకీ అలాంటి చిరునామాలున్నాయి.

192.168.1.10... ఇది చూడగానే అర్థమవుతుంది. కానీ యంత్రం లోపల అది ఉత్త 32 బిట్లే. సంఖ్యగా అచ్చేస్తే 3232235786! ముక్కల వరుస తిరగబడితే 10.1.168.192. అంటే వేరే చిరునామా.

మిర్చి, పత్తి పండే ఊళ్ల నుంచి వెళ్లి హైదరాబాద్‌లో సర్వర్లు చూసుకునే కుర్రాడికి అర్ధరాత్రి నెట్‌వర్క్ ఆగిపోతే, లాగ్‌లోని ఆ వరుసే దిక్కు.

లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లో ఒకప్పుడు చిరునామా అచ్చేయాల్సిన ప్రతిచోటా దాన్ని నాలుగు ముక్కలు చేసి మధ్యలో చుక్కలు పెట్టేవారు. 128 బిట్ల ఐపీవీ6కైతే ఎనిమిది ముక్కలు! ఎక్కడ పొరపాటు దొర్లినా లాగ్ తప్పుదారి పట్టిస్తుంది.

2008లో లైనస్ టోర్వాల్డ్స్ అచ్చువేసే పద్ధతికి కొత్త గుర్తులు చేర్చే వీలు కల్పించారు. ఆ ఏడాదే 'పర్సెంట్ పీఐ4', 'పర్సెంట్ పీఐ6' వచ్చాయి. చిరునామా ఉన్న చోటు చూపిస్తే చాలు, చుక్కలూ కోలన్లూ కెర్నలే పెడుతుంది.

మార్పు చిన్నదే. ఏ యంత్రం దగ్గరికి పరుగెత్తాలో ఆ కుర్రాడికి తెలిసేది మాత్రం దానివల్లే.