ఊపిరి క్లాసు అల్లుడికా, అత్తగారికా?

తొలికాన్పు అనగానే మన ఐటీ మొగుళ్ళం చేసే మొదటి పని, ఇద్దరం కలిసి ఓ వీకెండ్ క్లాసులో చేరిపోవడం. అక్కడ ముఖ్యంగా నేర్పేది ఊపిరి. "ఊపిరి తీసుకోవడానికి కూడా ఫీజు కట్టాలా?" అని మా అత్తగారు ఒకటే నవ్వు. నవ్వితే నవ్వారు గానీ, అందులో విషయం ఉందండీ.

పురిటినొప్పి ఆగకుండా ఉండే పోటు కాదు. అలలా వచ్చి, పెరిగి, తగ్గుతుంది. ముదిరాక రెండు మూడు నిమిషాలకోసారి, ఒక్కోటి నిమిషం దాకా ఉంటుంది. మేముండేది శంషాబాద్‌లో, ఎయిర్‌పోర్టు దగ్గర. విమానం మోత కూడా అంతే, దూరంగా మొదలై, నెత్తిమీదికొచ్చి, సన్నగిల్లిపోతుంది. మా ఆవిడ ప్రాక్టీసుకి అదే టైమర్! మోత మొదలవగానే ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చడం, నోటితో ఆరు లెక్కపెడుతూ వదలడం. భుజాలు, దవడ వదులుగా ఉండాలి. కిటుకంతా వదిలే ఊపిరి పొడుగ్గా ఉండటంలోనే. భయంతో గబగబా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి.

దీంతో నొప్పి మాయమవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. తట్టుకోడానికి కాస్త ఊతం, అంతే. ఫ్రెంచి డాక్టరు ఫెర్నాండ్ లమాజ్ 1951లో సోవియట్ యూనియన్‌లో చూసొచ్చి ఈ తరహా పద్ధతికి ప్రచారం తెచ్చాడు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, ఉపశమనం కోరే ఆరోగ్యవంతులైన తల్లులకు ఇలాంటివి సూచించింది. ఎపిడ్యూరల్ కావాలంటే తీసుకోవచ్చు, అదేమీ ఓటమి కాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తమ్మీద సిజేరియన్లు 21.5 శాతం, మన తెలంగాణలో 60.7! కారణాలు చాలానే ఉన్నాయి, నొప్పి భయం వాటిలో ఒకటి. ఆ భయం పోగొట్టేది పక్కనున్న మనిషి. హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011లో మిడ్‌వైఫ్‌ల శిక్షణ మొదలుపెట్టింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యూనిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో నర్సులకూ నేర్పింది. కానీ అలాంటి మనిషి ప్రతి ఆసుపత్రిలో దొరకదు కదా.

అసలు చిక్కు ఇక్కడే. నిజం నొప్పులొచ్చాక ఎవరికీ లెక్క గుర్తుండదు, పక్కనుండి ఎవరో లెక్కపెట్టాలి. క్లాసుకెళ్ళింది నేను. కాన్పేమో పుట్టింట్లో! మా ఆవిడ ఇప్పుడు అక్కడ, నేనిక్కడ ప్రొడక్షన్ సపోర్టులో. ప్రభుత్వాసుపత్రుల్లో తోడుకి అనుమతిస్తూ కేంద్రం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా మొదటి చోటు ఆడ బంధువుకే, వీలైతే కాన్పు అనుభవం ఉన్నావిడకి. మరుగు ఉన్నచోటే భర్తని రానిస్తారు.

అంటే క్లాసు కావలసింది అత్తగారికి. ఆవిడకి తెలిసిన మంత్రం ఒక్కటే, "ఊపిరి బిగబట్టి ముక్కమ్మా!" తల్లికి ముక్కాలనిపించినప్పుడే ముక్కనివ్వాలన్నది ఇప్పటి సూచన. అందుకే రోజూ రాత్రి వీడియోకాల్‌లో ముగ్గురం ప్రాక్టీసు చేస్తున్నాం. ఇంకా మూడు వారాలుంది. నవ్విన అత్తగారే ఇప్పుడు నాకంటే నిదానంగా లెక్కపెడుతున్నారు.

మీ ఇంట్లోనూ తొలికాన్పు ఉంటే ముందు ఒకటి తేల్చుకోండి. ఆ రోజు ఆ గదిలో ఉండేదెవరు? క్లాసు వాళ్ళకి చెప్పించండి.