తాటి వాసంలో దాగిన విల్లు

పిల్లలూ! పటం తీసి గూడూరు ఎక్కడున్నదో చూడండి. దానికి దగ్గరలోనే, చెన్నై నుంచి కలకత్తా పోయే జాతీయ రహదారి పక్కన మా చిల్లకూరు ఉన్నది. 2022 దాకా ఇది నెల్లూరు జిల్లాలోది. ఆ ఏడు జిల్లాలను విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలో చేరింది. అయినా మా మాటా, మా పులుసూ ఇంకా నెల్లూరివే!

ఈ మండలంలో సముద్రం వైపు పోయేకొద్దీ నేల తెల్లబడుతుంది. ఆ తెల్ల ఇసుకను కరిగించి గాజు చేస్తారు. ఇసుక మీద తాటిచెట్లు బారులు తీరి ఉంటాయి. వాటి కింద ఎవరూ నాటకుండానే జిల్లేడు పెరుగుతుంది. చూసేవారికి ఇది ఉత్త ఇసుకపర్ర. కాని పూర్వకాలపు విలుకాడు చూస్తే, "ఇక్కడ నాకు కావలసినవన్నీ ఉన్నాయే!" అని ఉండేవాడు.

ఎందుకంటారా? కౌటిల్యుడి అర్థశాస్త్రం సుమారు రెండువేల సంవత్సరాల నాటి గ్రంథం. అందులో ఆయుధశాలను గురించి చెబుతూ, విల్లును తాటితో చేస్తారనీ, వెదురుతో చేస్తారనీ, కర్రతో, కొమ్ముతో కూడా చేస్తారనీ రాశారు. అల్లెతాటికి పనికివచ్చే నారలలో జిల్లేడునూ జనుమునూ చేర్చారు. అలెగ్జాండరు వెంట మన దేశానికి వచ్చిన నియార్కస్ అనే గ్రీకు నావికుడు, ఇక్కడి విలుకాళ్ళ విల్లు మనిషి ఎత్తు ఉంటుందనీ, దాని ఒక కొసను నేలకు ఆనించి, ఎడమకాలితో అదిమి బాణం వేస్తారనీ చెప్పాడు.

ఈ తాటినీ వెదురునూ ఒకటిగా అతికించి విల్లు చేస్తే ఎట్లా ఉంటుంది? కిందటి వేసవిలో మా ఊరి వడ్రంగి, నేనూ, ఏడో తరగతి చదివే ఒక కుర్రవాడూ కలిసి అటువంటి విల్లు ఒకటి చేశాం. అది ఎట్లా చేశామో చెబుతాను, వినండి.

పాత పెంకుటిల్లు ఒకటి విప్పుతుంటే తాటి వాసం దొరికింది. ఎన్నో ఏళ్ళు కప్పు కింద ఆరిన కర్ర అది. పచ్చికర్రతో చేసిన విల్లు వంగి అట్లాగే ఉండిపోతుంది. తాటిలో చేవ అంతా పైభాగంలో ఉంటుంది, నడిమి భాగం మెత్తన. వెదురు సంగతీ అంతే. దాని నారలు పైచర్మాన్ని ఆనుకుని దట్టంగా ఉంటాయి, లోపలికి పోయేకొద్దీ పలచబడతాయి. మీకు తెలుసా, వెదురు నిజానికి ఒక గడ్డి! తాటికి గాని వెదురుకు గాని టేకు మానులో కనిపించే ఏటేటి వలయాలు ఉండవు.

వెదురు ఎందుకు అతికించాలి? ఒక రబ్బరు ముక్క పక్క అంచున సిరాతో దగ్గర దగ్గరగా నిలువుగీతలు గీయండి. దాన్ని వంచి చూడండి. వెలుపలి వైపు గీతలు ఎడమవుతాయి, లోపలి వైపు దగ్గరవుతాయి. విల్లులో కూడా ఇదే జరుగుతుంది. గురివైపు ఉండేది విల్లుకు వీపు, అది సాగుతుంది. మనవైపు ఉండేది పొట్ట, అది నొక్కుకుంటుంది. తాటికర్ర నొక్కుడుకు ఓర్చుకుంటుంది గాని, సాగదీస్తే దాని నారలు సూదుల్లా లేస్తాయి. వెదురు చర్మం సాగుడుకు గట్టిది. అందుకని వెదురును వీపున ఉంచుతారు. దాని చర్మాన్ని మాత్రం చిత్రిక పట్టకూడదు. అందులోనే దాని బలమంతా ఉన్నది.

మేము కుర్రవాడి ఎత్తును బట్టి సుమారు 150 సెంటీమీటర్ల పొడవు తీసుకున్నాం. పిడి దగ్గర 3 సెంటీమీటర్ల వెడల్పు ఉంచి, కొసలకు పోయేకొద్దీ సన్నం చేశాం. వెదురు బద్దను 3 మిల్లీమీటర్ల మందానికి తెచ్చి, రెంటికీ జిగురు పూసి, పాత సైకిలు ట్యూబు పేలికలతో బిగించి కట్టి ఒక రోజు ఉంచాం. జిగురును వడ్రంగులు వజ్రం అంటారు. పూర్వం దాన్ని తోలూ ఎముకలూ కాచి చేసేవారు. ఇప్పుడు సీసాల్లోనే దొరుకుతున్నది.

ఇంతటితో అయింది బద్ద మాత్రమే, విల్లు కాదు. అసలు పని ఇక మీద ఉన్నది. అదే వంపు దిద్దటం.

గోడకు ఒక కొయ్య బిగించి, పిడిని దాని మీద ఆనించి, అల్లెతాటికి మోకు కట్టి, ఆ మోకును కింద బిగించిన గిలక మీదుగా లాగుతారు. లాగేవాడు దూరంగా నిలబడి విల్లు మొత్తం ఒక్కచూపులో చూడగలుగుతాడు. పిడికి రెండువైపులా ఉండే రెక్కలు సమంగా వంగుతున్నాయా? ఎక్కడైనా బిర్రుగా ఉన్నదా? బిర్రుగా ఉన్నచోట పెన్సిలుతో గుర్తుపెట్టి, పొట్టవైపున కాస్త గీకాలి. మళ్ళీ కొద్దిగా ముప్ఫైసార్లు లాగి చూడాలి. మళ్ళీ గీకాలి. తప్పు కనిపిస్తూ ఉండగా ఒక్క అంగుళం కూడా ఎక్కువ లాగకూడదు.

ఎంత గీకాలన్నది లెక్క ప్రకారం ఉంటుంది. వెడల్పు సగం చేస్తే బద్ద బిగువు సగమే అవుతుంది. కాని మందం సగం చేస్తే బిగువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది! 10 మిల్లీమీటర్ల మందంలో ఒక్క మిల్లీమీటరు తీసేస్తే, బిగువులో పావువంతుకు పైగా పోతుంది. అందుకే వడ్రంగి మొదట చిత్రిక, తరువాత ఆకురాయి, చివరకు గాజుపెంకు వాడాడు. గాజుపెంకుతో గీకితే ఉల్లిపొర వంటి తునకలే లేస్తాయి. తెల్ల ఇసుక నుంచి పుట్టేదే గదా ఆ గాజు!

రెండో రోజు సాయంత్రం చిక్కు వచ్చిపడింది. పై రెక్కలో, పిడికి జానెడు దూరాన ఒకచోట విల్లు మోచేయిలాగా వంగుతున్నది. మిగతా రెక్క దాదాపు నిటారుగా ఉన్నది. మోకుకు తగిలించిన స్ప్రింగు త్రాసు 12 కిలోలు చూపిస్తున్నది. కుర్రవాడు కోరుకున్న విల్లు సరిగ్గా అంతే.

"మాస్టారూ! ఇంకాస్త లాగుదాం. ఏమీ కాదు," అన్నాడు వాడు.

వడ్రంగి మోకు వదిలేశాడు. "లాగితే ఇప్పుడే విరుగుతుంది, అయ్యవారూ," అన్నాడు నాతో.

"అయితే ఆ వంగేచోట ఇంకో ముక్క అతికిద్దాం," అన్నాడు కుర్రవాడు.

"అతికిన ముక్క నిలవదు నాయనా! తీసిన కర్ర మళ్ళీ రాదు. ఆ చోటును ముట్టుకోకుండా మిగతా విల్లంతా పలచన చెయ్యాలి. అప్పుడు అన్నీ దానితోపాటు వంగుతాయి," అన్నాడు వడ్రంగి.

"అప్పుడు బలం తగ్గిపోతుంది గదా!" వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

బలం తగ్గే మాట నిజమే. నేను వాడికి ఒకటే చెప్పాను: "ఆ చోటు చెడ్డది కాదురా. పక్కవి పని చెయ్యకపోతే బరువంతా అదే మోస్తున్నది." పెన్సిలు వాడి చేతికే ఇచ్చాను. నిర్ణయం వాడిదే.

వాడు చాలాసేపు విల్లువంకే చూశాడు. తరువాత, ముట్టుకోకూడని చోట రెండు అడ్డగీతలు గీసి, మిగతాదంతా గీకటం మొదలుపెట్టాడు. మూడు సాయంత్రాలు పట్టింది. చివరకు విల్లు నెలవంకలాగా, ఎక్కడా మోచేయి లేకుండా వంగింది. త్రాసు 8 కిలోలు చూపించింది. అంటే, నాలుగు కిలోల బరువును 45 సెంటీమీటర్ల ఎత్తు లేపినంత శక్తి అందులో దాగుతుందన్నమాట. గడ్డిమోపు మీద వేసిన మొదటి బాణం మోపులో సగందాకా దిగబడింది. 12 కిలోల సంగతి వాడు మళ్ళీ ఎత్తలేదు.

వెదురు విల్లు పాతబడిన వస్తువని అనుకోకండి. నల్లమల చెంచులకు విల్లంబులు తరతరాల తోడు. 1943లో హైమండార్ఫ్ అనే పరిశోధకుడు చెంచులను గురించి ఒక పుస్తకమే ప్రచురించాడు. అడవి జంతువుల వేటను 1972 నాటి చట్టం నిషేధించింది. కాని మన దేశపు విలువిద్య పోటీలలో వెదురు విల్లుకు ఈనాటికీ ప్రత్యేక విభాగం ఉన్నది. ఎందరో పల్లె పిల్లలు దానితోనే మొదలుపెడతారు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో మూడు బంగారు పతకాలు గెలిచిన మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ వాడే విల్లుకు చక్రాలు ఉంటాయి. అయినా దాని రెండు రెక్కలూ ఏకకాలంలో కదలాలి. అందులో మాత్రం మా తాటివిల్లుకూ దానికీ తేడా లేదు.

మీరు విల్లు చెయ్యదలిస్తే పెద్దవాళ్ళను పక్కన ఉంచుకోండి. గాజుపెంకును వాళ్ళ చేతికే ఇవ్వండి. మనుషుల వైపుకూ, జంతువుల వైపుకూ ఎన్నడూ గురిపెట్టకండి. బాణం లేకుండా నారి లాగి వదలకండి. బాణానికి పోవలసిన శక్తి విల్లు మీదనే పడి, దాన్ని విరగ్గొడుతుంది. ఆట అయిపోగానే అల్లెతాడు దింపి, విల్లును నీడన పడుకోబెట్టండి. మా చిల్లకూరులో అయితే, సముద్రపు తేమ తగలకుండా అటక మీద, అది పుట్టిన వాసాల పక్కనే పెడతాం.