ఏడాది ఆలస్యంగా ఒక క్యారియర్

"శనివారం మధ్యాహ్నం నువ్వు వంట చెయ్యట్లేదు. నలుగురం కలిసి బయట తింటున్నాం" అని ఫోన్ చేసింది మా అక్కయ్య. సొంత అక్కేం కాదు లెండి, ఈ శాన్ హోసేకి వచ్చిన కొత్తలో కూరగాయల కొట్లో పరిచయమై అక్కయ్యైపోయింది.

నాలుగో మనిషెవరో అడక్కుండానే తెలుసు. వచ్చే నెల కాపురం ఎత్తేసి విజయవాడ వెళ్ళిపోతున్న మా స్నేహితురాలు. తనకీ నాకూ ఏడాదిగా సరిగ్గా మాటల్లేవు.

పోట్లాట ఏమీ జరగలేదు. పోయినేడాది వాళ్ళమ్మగారు పోయారు. వీసా కాగితాల గొడవలో తను ఇండియా వెళ్ళలేకపోయింది. మిగతా ఇద్దరూ మర్నాడే క్యారియర్లు పట్టుకెళ్ళారు. నేనేమో, పిల్లాడికి పరీక్షలు, ఇంట్లో చుట్టాలు, రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూ పదిహేను రోజులు చేశాను. ఆ తర్వాత ఏ మొహం పెట్టుకుని వెళ్తాం? అందుకని అసలు వెళ్ళనే లేదు. తిట్టుకుని ఉంటే ఎప్పుడో కలిసిపోయేవాళ్ళం. ఇది అలాంటిది కాదుగా.

హోటల్ తనే ఎంచింది. వియత్నాం వాళ్ళది. మా ఊళ్ళో వాళ్ళు లక్షకు పైనే ఉన్నారు. 1975లో సైగాన్ పడిపోయాక ప్రాణాలు చేత్తో పట్టుకుని వచ్చినవాళ్ళూ, వాళ్ళ పిల్లలూ, మనవలూ. స్టోరీ రోడ్డు వైపు వెళ్తే దుకాణాల బోర్డులన్నీ వాళ్ళ భాషలోనే. ఇన్నేళ్ళుగా ఆ దారిన వెళ్తూ కూడా, శాకాహారిని కదా, నాకక్కడేం దొరుకుతుందని ఒక్కసారీ లోపలికి అడుగు పెట్టలేదు.

చెప్పొద్దూ, గుమ్మంలోనే సగం బెరుకు పోయింది. మహా అయితే పది బల్లలు. తలుపు పక్కన నేలమీదే చిన్న ఎర్రటి మందిరం, నారింజపళ్ళు, అగరొత్తులు. లోపల్నించి అనాసపువ్వు, దాల్చినచెక్క వాసన. మనింట్లో పెళ్ళి వంటప్పుడు వచ్చే మసాలా వాసనే!

"చాయ్ ఉందా?" అని అడిగింది మా స్నేహితురాలు. భోజనానికి ముందు టీ ఏమిటా అనుకున్నాను. వాళ్ళ భాషలో చాయ్ అంటే శాకాహారమట! బౌద్ధులు చాలామంది పౌర్ణమికీ అమావాస్యకీ మాంసం ముట్టరట, అందుకని చాలా హోటళ్ళలో అదీ దొరుకుతుందట. కాల్చిన అల్లం, ఉల్లిపాయ, ముల్లంగి, పుట్టగొడుగులు వేసి మరిగించిన చారులో బియ్యపు సేమ్యా వేసి పెద్ద గిన్నెల్లో తెచ్చారు. దాన్ని ఫో అని రాస్తారు గానీ పలికేటప్పుడు 'ఫ'ని కాస్త సాగదీస్తారు. పక్కన పళ్ళెంలో పచ్చి మొలకలు, నిమ్మముక్కలు, మన తులసికి చుట్టంలాంటి ఆకు. ఎవరికి కావలసినట్టు వాళ్ళు కలుపుకోవడమే.

దాంతోపాటు బియ్యపు రేకులు, ఓ గిన్నెలో వేడినీళ్ళు కూడా పెట్టారు. రేకుని నీళ్ళలో ముంచి, మెత్తబడగానే పాలకూరాకు, సేమ్యా, టోఫూ, పుదీనా పెట్టి చుట్టుకుని, వేరుశెనగ పచ్చడిలో అద్దుకుని తినాలి. నేను ఎక్కువసేపు ముంచానేమో, మొదటిది చిరిగింది. రెండోదీ అంతే. మూడోది ముంచబోతుంటే మా స్నేహితురాలు నా చేతిలోంచి తీసుకుని, ఒక్క మడత పోకుండా చుట్టి నా పళ్ళెంలో పెట్టింది.

"మా అమ్మ పూతరేకులు ఇలాగే చుట్టేది" అంది.

వాళ్ళది ఆత్రేయపురం వైపు. కాలిన కుండ మీద పిండిగుడ్డ పరిచి తీసిన రేకుని తడిగుడ్డతో మెత్తబరిచి, నెయ్యీ పంచదారా వేసి ఎలా మడిచేదో చెబుతోంది. ఈ వియత్నాం రేకులు కూడా, మరుగుతున్న గిన్నె మీద కట్టిన గుడ్డపై బియ్యప్పిండి పోసి తీసేవేనట. అక్కయ్యావాళ్ళూ మాట్లాడ్డం ఆపేశారు.

"నేను అప్పుడు రాలేదు. రావాల్సింది" అన్నాను. కారణాలన్నీ నోటిదాకా వచ్చాయి గానీ చెప్పలేదు.

తను గిన్నెలోకే చూస్తూ, "తలుపు చప్పుడైనప్పుడల్లా నువ్వేమో అనుకునేదాన్ని" అంది. కాసేపాగి, "తిను, చల్లారిపోతోంది" అంది.

ఏం ఫరవాలేదులే అనలేదు తను. అననందుకే నాకు నయమనిపించింది.

చివర్లో కాఫీ. గ్లాసు అడుగున చిక్కటి తియ్యటి డబ్బాపాలు, పైన చిన్న ఫిల్టరు, చుక్కా చుక్కా దిగుతుంది. తొందరపెడితే దిగదు. నలుగురం అలా చూస్తూ కూర్చున్నాం. ఇంటి దగ్గర ఎవరు ఏం తిన్నారో అని ఒక్కరమూ ఫోన్ తియ్యలేదు.

మర్నాడు పప్పుచారు, వంకాయ కూర, పెరుగన్నం క్యారియర్లో సర్దుకుని వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసి క్యారియర్ వైపు చూసింది, నా వైపు చూసింది. ఏమీ అనకుండా పక్కకి తప్పుకుని లోపలికి రమ్మంది. సాయంత్రం దాకా ఇద్దరం పెట్టెలు సర్దాం. వాళ్ళమ్మగారి చీరలు మడతపెట్టడం మాత్రం నాకు అప్పజెప్పింది.

ఆలస్యమైపోయింది, ఇప్పుడేం వెళ్తాంలే అనుకుంటున్న గుమ్మం మీకూ ఒకటి ఉంటే, వెళ్ళండి. ఏం మాట్లాడాలో తోచకపోతే క్యారియర్ పట్టుకెళ్ళండి.