ఉలువాటు కోతులు దొంగలు కావు

బాలి వెళ్ళొచ్చిన వాళ్ళను ఉలువాటు గుడి ఎలా ఉందని అడిగితే ముందు వచ్చేది కోతుల మాట. కళ్ళద్దాలు లాక్కుపోయాయనీ, ఫోను పట్టుకుపోయాయనీ, పండ్లిస్తే గాని తిరిగివ్వలేదనీ చెబుతారు. ఆ తర్వాతే సముద్రం, ఇంకా తర్వాతే దేవుడు. చివరికి ‘అబ్బో, దొంగ వెధవలు’ అని తీర్పు కూడా చెప్పేస్తారు. ఈ తీర్పు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. బుకిట్ ద్వీపకల్పం నైరుతి కొసన, నీటిమట్టానికి దాదాపు 70 మీటర్ల ఎత్తున, నిట్టనిలువు కొండచరియ అంచు మీద నిలబడిన క్షేత్రమది. 11వ శతాబ్దంలో ఎంపు కుతురాన్ అనే మహర్షి దాన్ని తీర్చిదిద్దాడనీ, 16వ శతాబ్దంలో జావా నుంచి వచ్చిన నిరర్థ అనే శైవ గురువు అక్కడే మోక్షం పొందాడనీ బాలి హిందువుల నమ్మకం. ద్వీపాన్ని కాపాడే ఆరు మహాక్షేత్రాల్లో ఒకటిగా దాన్ని లెక్కపెడతారు. అంతటి చోటికి వెళ్ళి, అక్కడ తరతరాలుగా బతుకుతున్న జంతువు మీద దొంగతనం మోపి రావడం అన్యాయం. ఆ విద్య కోతిది కాదు. మనం దగ్గరుండి నేర్పి, రోజూ జీతమిచ్చి నిలబెడుతున్న విద్య అది.

అసలు అక్కడ జరిగేదేమిటో కాస్త నిదానంగా చూడాలి. పొడుగు తోక, బూడిదరంగు ఒళ్ళు, నడినెత్తిన దువ్వి నిలబెట్టినట్టుండే జుట్టు ఉన్న కోతులవి. బాగా ఎదిగిన మగకోతి కూడా సాధారణంగా ఏడెనిమిది కిలోలకు మించదు. పిట్టగోడ మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్ళను తీరిగ్గా గమనిస్తుంది. సముద్రం వైపు తిరిగి ఫొటో దిగుతున్న మనిషిని ఎంచుకుని, వెనక నుంచి వచ్చి భుజం మీదికి ఒక్క ఉరుకు ఉరుకుతుంది. కళ్ళద్దాలు అందుకోవడం, గోడ ఎక్కడం రెండూ క్షణంలో అయిపోతాయి. ఆ తర్వాత పారిపోదు. మనకు అందనంత దూరంలో, కనబడేంత దగ్గరలో కూర్చుని, అద్దాల కాడను నోట్లో పెట్టుకుని నములుతూ ఉంటుంది. గుడి పనివాళ్ళలో ఒకరు పండుముక్కలున్న సంచీతో వస్తారు. ఒక ముక్క విసిరితే దానికి చాలదు. ఒక చేత్తో తింటుంది, రెండో చెయ్యి మాత్రం అద్దాల మీద నుంచి తీయదు. పశువుల సంతలో డబ్బు చేతిలో పడేదాకా పలుపు వదలని రైతులాగే ఉంటుంది దాని వరస. సరిపడా అందాక గాని అద్దాలు కింద పడవు. పడ్డాక కోతికి వాటితో పనే లేదు, తిరిగి చూడదు. దొంగిలించేవాడు సొమ్ము కావాలని దొంగిలిస్తాడు. ఈ జంతువుకు కళ్ళద్దాలు అక్కర్లేదు, ఫోను అక్కర్లేదు. దానికి కావలసింది తిండి ఒక్కటే. అద్దాలు పట్టుకుంటే తిండి వస్తుందని దానికి తెలుసు. ఎలా తెలిసిందన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న మీద బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫానీ బ్రోట్‌కోర్న్, ఆమె సహచరులు 2017లో ఒక పరిశోధన అచ్చువేశారు. ఉలువాటులో ఉన్నది ఒకే గుంపు కాదు, వేర్వేరు మందలు. 2010లో నాలుగు మందలను నాలుగు నెలలపాటు గమనిస్తే, యాత్రికుల మధ్య ఎక్కువసేపు గడిపే మందల్లోనే ఈ లాక్కోవడం, మార్చుకోవడం జోరుగా ఉందని తేలింది. కుర్ర మగకోతులు ఎక్కువున్న మందల్లోనూ ఎక్కువే. ఆ తర్వాత కొత్తగా ఆ చుట్టుపక్కలకు చేరిన అయిదో మంద కూడా మెల్లగా ఈ పని పట్టుకోవడం మొదలుపెట్టింది. దీన్నిబట్టి నాకు అర్థమయ్యేది ఒకటే. పుట్టుకతో వచ్చిన గుణమైతే అన్ని మందల్లోనూ ఒకేలా ఉండాలి. మనిషికి దగ్గరగా మసలే కొద్దీ పెరుగుతోందంటే అది మనిషి సావాసంలో అబ్బినదే. ఇదే జాతి కోతులు ఆగ్నేయాసియా అంతటా ఉన్నాయి. మడ అడవుల్లో పీతలు ఏరుకు తినేవి, అడవిలో పండ్లూ చిగుళ్ళూ తిని బతికేవి ఇవే. బాలిలోనే ఉబుద్‌లో, సాంగెహ్‌లో గుళ్ళ చుట్టూ ఇవే ఉన్నాయి. తిండి కనబడితే చేతిలోంచి లాక్కోవడం అక్కడా ఉంది. కాని తినడానికి పనికిరాని వస్తువును పట్టుకుని, దాన్ని తిండితో మార్చుకునే పద్ధతి మందలకు మందలకే అలవాటుగా స్థిరపడింది ఉలువాటులోనే.

2021లో కెనడాలోని లెత్‌బ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ బాటిస్ట్ లెకా బృందం వెలువరించిన పరిశోధన ఇంకా లోతుకు వెళ్ళింది. పిల్లకోతులు చేతికందింది లాగుతాయి. ఏది లాగినా వాటికొకటే. వయసొచ్చిన కోతులు అలా కాదు. మనుషులు దేనికి ఎక్కువ తల్లడిల్లుతారో అవి గ్రహించాయి. ఖాళీ సంచి కన్నా కళ్ళద్దాలు, ఫోను మేలని వాటికి తెలుసు. విలువైన వస్తువు చేతిలో ఉన్నప్పుడు అవి ఎక్కువ తిండికో, మెరుగైన తిండికో ఆగుతాయి. చవక వస్తువైతే ఇచ్చిన దానితో సరిపెట్టుకుంటాయి. ఒక బేరం 17 నిమిషాలు సాగిందని లెకా చెప్పాడు. ఈ అలవాటు కనీసం ముప్ఫై ఏళ్ళుగా తరం నుంచి తరానికి అందుతోందని కూడా ఆ పరిశోధకుల మాట. ప్రయోగశాలల్లో కోతులకు బిళ్ళలిచ్చి, బిళ్ళకు బదులు తిండి తీసుకోవడం నేర్పాలంటే శాస్త్రజ్ఞులు ఓపిగ్గా శిక్షణ ఇస్తారు. ఉలువాటులో ఆ శిక్షణ ఏ శాస్త్రజ్ఞుడూ ఇవ్వలేదు. ముప్ఫై ఏళ్ళుగా రోజూ వస్తూ, వస్తువు పోగానే కేకలు పెట్టి, పండు అందించి, తిరిగి తీసుకుని వెళ్ళిన లక్షలమంది ఇచ్చారు. ఏ వస్తువు ఖరీదైనదో కోతికి ఎవరూ ధరల పట్టిక చదివి చెప్పలేదు. మన గొంతులోని ఆదుర్దాను బట్టి అది లెక్క కట్టుకుంది.

కోతి స్వభావమే అంత, చాపల్యం దాని రక్తంలో ఉంది, దీనికి ఇంత విచారణ ఎందుకు అనేవాళ్ళున్నారు. మన సామెతల నిండా ఉన్న కోతి అదే. కొబ్బరిచిప్ప దొరికినా, కల్లు తాగినా, పుండు గోక్కున్నా దానికి నిలకడ లేదనే మన పెద్దలు పదేపదే చెప్పారు. సామెతలు చెప్పిన వాళ్ళ చూపును నేను తప్పుపట్టను, పెరటి చెట్టు మీద కోతి అలాగే కనబడుతుంది. కాని ఉలువాటు గోడ మీద ఒకే వస్తువును ఒడిసిపట్టుకుని, మొదట వేసిన ముక్కతో సరిపెట్టుకోక, 17 నిమిషాలు ఆగిన జంతువులో చాపల్యం ఎక్కడుంది? అది ఓర్పు, ఎదుటివాడి అవసరాన్ని అంచనా వేసే తెలివి. అవి కోతికి ముందునుంచీ ఉన్నాయి. ఏ కాయ ఎప్పుడు పండుతుంది, ఏ పీతను ఎలా విప్పాలి అనే వాటి మీద ఖర్చయ్యే తెలివిని మన జేబుల మీదికి మళ్ళించింది మనం. తెలివి దానిది, దారి మనది.

మరి పండు ఇవ్వకపోతే పోయిన వస్తువు ఎలా వస్తుంది, గుడి పనివాళ్ళు చేసేది తప్పా అని అడగవచ్చు. వాళ్ళను నేను తప్పుపట్టను. అద్దాలు లేనిదే అడుగు తీసి అడుగు వేయలేని పెద్దావిడను ఆ కొండ అంచున వదిలేయమని ఎవరూ అనలేరు. అవతల లోయ, కింద హిందూ మహాసముద్రం. ఆ క్షణంలో పండు ఇవ్వడమే సరైన పని. కాని అలా ఇచ్చిన ప్రతి పండూ కోతికి ఇంకో పాఠమవుతోంది, ఇందులో ఎవరూ కాదనగలిగింది లేదు. కాబట్టి దీన్ని ఆపగలిగింది పనివాళ్ళు కాదు, యాత్రికులే. అదీ వస్తువు పోయాక కాదు, ముందే. అద్దాలు, టోపీలు, చెవుల కమ్మలు తీసి సంచిలో పెట్టుకోమని అక్కడ చెబుతూనే ఉంటారు. వినేవాళ్ళు తక్కువ. ఫొటోలో చలువ అద్దాలు ఉండాలి, టోపీ ఉండాలి. ఎర చూపించి, చేప చిక్కిందని గోల పెడితే ఎలా?

అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ భక్తి వైపు నుంచి వస్తుంది. కోతి హనుమంతుడి అంశ కదా, గుడిలో కోతికి పెట్టడం పుణ్యం కదా అంటారు. బాలి వాళ్ళకు కూడా రామాయణం పరాయి కథ కాదు. ఉలువాటులో రోజూ సూర్యాస్తమయం వేళ కొండచరియ పక్కనే కెచక్ ఆడతారు. పదుల మంది మగవాళ్ళు గళ్ళ పంచెలు కట్టుకుని, వలయాలుగా కూర్చుని, వాద్యమన్నదే లేకుండా చక్ చక్ మంటూ నోటితోనే తాళం వేస్తారు. వాళ్ళే వానరసేన, వాళ్ళే అడవి, వాళ్ళే సముద్రం. మధ్యలో సీత, రావణుడు, చివర్లో మంటల మధ్య హనుమ. పూనకపు ఆరాధన సాంఘ్యాంగ్ నుంచి 1930లలో వాయాన్ లింబక్ అనే బాలి నర్తకుడు, వాల్టర్ స్పీస్ అనే జర్మన్ చిత్రకారుడు కలిసి దీనికి రామకథ జోడించి ప్రదర్శనగా మలిచారు. ఆ గొంతుల హోరును అలల హోరుతో కలిపి వినాలి. తెలుగువాళ్ళకు అందులో ఒక్క మాట అర్థం కాకపోయినా ఎక్కడ సీత ఏడుస్తోందో, ఎక్కడ హనుమ నవ్వుతున్నాడో తెలిసిపోతుంది. తోలుబొమ్మలాటలో హనుమంతుడి బొమ్మ తెర మీదికి రాగానే పిల్లలు లేచి నిలబడే దేశం మనది. మనకు అక్కడ కూర్చుంటే ఆగ్నేయ సముద్రాల దాకా ఎవరు మోసుకెళ్ళారు ఈ కథను అనిపించక మానదు. వానరుడికి ఇంతటి గౌరవం ఉన్నచోట కోతికి ఆకలి ఉండకూడదు అనుకోవడం సహజమే. బాలిలో తుంపెక్ కండాంగ్ అని జంతువుల కోసమే ఒక పర్వదినం ఉంది, 210 రోజులకోసారి వస్తుంది. రోజూ వాకిళ్ళలో పెట్టే పూల దొన్నెల్లోని మెతుకులు కోతులు తిన్నా ఎవరూ కసురుకోరు.

ఆ గౌరవాన్నే నేనూ అడుగుతున్నాను. దేవుడికి పెట్టింది జంతువు తినడం వేరు, జంతువు నోట్లోకి మనం విసరడం వేరు. శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద ఇది రోజూ కనబడుతుంది. నల్లమల అడవిలో వన్యప్రాణులకు ఆహారం వేయరాదని అటవీశాఖ బోర్డులు ఉన్నా, వాటి కిందే కారు ఆపి, అద్దం దించి అరటిపళ్ళ అత్తం విసురుతారు. చిప్స్ పొట్లాలు విసురుతారు. రోడ్డు మధ్య పండు కోసం తల్లికోతి పరుగెత్తుతుంది, పొట్టకు కరుచుకుని పిల్ల, వెనకే ఇంకో బండి. పుణ్యం చేశామనుకుని వెళ్ళేవాడు వెనక్కి తిరిగి చూడడు కాబట్టి దాని గతేమైందో అతనికి తెలియదు. ఇలా రోడ్డుకు, మెతుక్కు అలవాటుపడిన మందలే అడవి వదిలి ఊళ్ళ మీద పడ్డాయి. అడవి చిక్కిపోవడం, పండ్లచెట్లు పోవడం పెద్ద కారణాలే, ఒప్పుకుంటాను. కాని చేతి తిండి ఆ కారణాలకు తోడైంది. తెలంగాణలో రైతులు కోతుల పోరు పడలేక వేరుశనగ, మక్క, కూరగాయలు వేయడం మానుకుంటున్నారు. 2015లో అక్కడ మొక్కలు నాటే హరితహారం కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు వానలు తిరిగి రావాలి, కోతులు తిరిగి అడవికి పోవాలి అన్నదే నినాదమైంది. నిర్మల్ దగ్గర కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసే కేంద్రం కూడా పెట్టాల్సి వచ్చింది. చేను పోగొట్టుకున్న రైతు కోతిని తిడితే అందులో న్యాయముంది. దారిన పోతూ పండు విసిరిన వాడికి మాత్రం తిట్టే హక్కు లేదు.

పోనీ, కాసేపు సరదా, ఎవరికీ నష్టం లేదు కదా అనే వాదన కూడా నిలబడదు. వస్తువు గుంజుకోబోతే కోతి కరుస్తుంది. బాలిలో రేబిస్ 2008 చివర్లో బయటపడింది ఉలువాటు ఉన్న బుకిట్ ద్వీపకల్పంలోనే. వ్యాపించింది ప్రధానంగా కుక్కల వల్లే అయినా, కోతి గాటును ఏ డాక్టరూ తేలిగ్గా తీసుకోడు. కోతి వైపు నష్టం ఇంకా పెద్దది. ఈ పొడుగుతోక కోతి జాతిని 2022లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం అంతరించే ముప్పున్న జాబితాలో చేర్చింది. అడవులు పోవడం, ప్రయోగశాలల కోసం పట్టి అమ్మడం, ఊళ్ళ మీద పడుతున్నాయని చంపడం, ఇవన్నీ అందుకు కారణాలు. గుడి దగ్గర గుంపులుగా కనబడుతున్నాయి కాబట్టి కావలసినన్ని ఉన్నాయని అనుకుంటాం. దొంగ అని ముద్ర పడిన జంతువును రేపు పట్టుకుపోతుంటే అడ్డుపడేవాడు ఉండడు.

అందుకే బాలి వెళ్ళే తెలుగువాళ్ళను అడుగుతున్నాను. ఉలువాటు మెట్ల దగ్గరే అద్దాలు, టోపీ తీసి సంచిలో పెట్టి జిప్ వేయండి. ఫోను చేతిలో ఊపుకుంటూ నడవకండి. తిండి సంచులు బండిలోనే వదలండి. కోతి దగ్గరకొస్తే పళ్ళు కనబడేలా నవ్వకండి, దానికది బెదిరింపుగా అనిపించవచ్చు. ఏదైనా లాక్కుంటే మీరు గుంజులాడకండి, అక్కడి పనివాళ్ళను పిలవండి. తిరిగొచ్చాక శ్రీశైలం వెళ్ళినా, అహోబిలం వెళ్ళినా కారు అద్దం దించి పండు విసరకండి.