మూడింటి గండి

ముప్పై నాలుగేళ్ళు నీటిపారుదల శాఖలో పనిచేసి, కాలువ గట్ల మీద చెప్పులరిగేలా తిరిగినవాణ్ణి. రిటైరయ్యాక ఒక రెండేళ్ళ కుర్రాడి దగ్గర ఓడిపోతానని కలలో కూడా అనుకోలేదు. మా మనవడు బుజ్జిగాడు నా పక్కనే పడుకుంటాడు. రాత్రి తొమ్మిదింటికి వాళ్ళమ్మ వాడికి డైపర్ తొడిగి, "నాన్నా, ఇక పొద్దున దాకా నీకే బెంగా లేదు" అని తలుపు దగ్గరగా వేసి వెళుతుంది. మూడింటికి నా ఎడమ మోచేయి చల్లబడుతుంది. కళ్ళు తెరవకుండానే తెలిసిపోతుంది, గండి పడిందని.

ఆ తర్వాత జరిగేదంతా వరద హడావుడే. లైటు వెలుగుతుంది. వాడు రాగం అందుకుంటాడు. అమ్మాయి నిద్రకళ్ళతోనే వచ్చి చొక్కా, నిక్కరు, దుప్పటి, దిండు గలీబు, ఒక్కోసారి నా లుంగీ కూడా పోగేసి బాత్రూంలో పడేస్తుంది. అల్లుడుగారు వాణ్ణి భుజాన వేసుకుని హాల్లో పచార్లు చేస్తారు. ఇక మిగిలేది పరుపు. ఆరంగుళాల ఫోము. పైకి అరచేయంత తడి కనిపిస్తుంది, లోపల ఎంత తాగిందో దానికే తెలియాలి. దాని మీద తువ్వాలు పరిచి, ఆ తువ్వాలు మీద నేను పడుకుంటాను. మియాపూర్‌లో అయిదో అంతస్తు ఫ్లాటులో పరుపు ఎండబెట్టడానికి చోటేదీ?

తప్పెవరిదన్న చర్చ పొద్దున కాఫీతో మొదలయ్యేది. తప్పు కంపెనీదని అమ్మాయి. రెండు వారాల్లో మూడు రకాల ప్యాకెట్లు మార్చింది, అన్నిటి మీదా "12 గంటలు" అని పెద్దక్షరాలే. తప్పు నీళ్ళదని అల్లుడుగారు; సాయంత్రం ఆరయ్యాక వాడికి చుక్క ఇవ్వొద్దన్నారు. అది మాత్రం నేను ఒప్పుకోలేదు. ఏప్రిల్ ఎండల్లో చంటిపిల్లాడికి నీళ్ళు ఆపడమేమిటి? పైగా ఎగువన నీళ్ళాపి కాలువ గండిని నివారించానని చెప్పుకునే ఇంజనీరుని ఎవరైనా మెచ్చుకుంటారా? మా ఆవిడ తీర్పు ఒక్కటే: "మన పిల్లలకి ఇవన్నీ వేశామా?" అది ప్రశ్న కాదు కాబట్టి ఎవరం జవాబు చెప్పేవాళ్ళం కాదు.

1986 ఆగస్టులో గోదావరికి మహా వరద వచ్చినప్పుడు నేను ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. ఇసుక బస్తాల దగ్గర రాత్రింబవళ్ళు నిలబడి నేర్చుకున్నదేమిటంటే, గట్టు తెగడానికి నీళ్ళు పైనుంచి పొర్లాలని లేదు. ఒక పీత బొక్కో ఎలుక బొక్కో చాలు. ముందు కొలత చూడు, తర్వాత చోటు చూడు, ఆఖర్న తిట్టు. ఆ క్రమంలోనే మొదలుపెట్టాను.

వంటింట్లో మా ఆవిడ పిండి తూచుకునే చిన్న కాటా ఉంది. దాని మీద ప్లాస్టిక్ కవరు పరిచి (ఈ సంగతి ఆవిడకి చాలా రోజుల తర్వాత తెలిసింది, ఆ కథ వేరు) రోజూ డైపర్ తూచాను. ఎండు డైపర్ 35 గ్రాములు. గండి పడిన రాత్రి తీసినది 200. అంటే లోపల నిలిచింది 165 మిల్లీలీటర్లు. నాలుగో రోజు వాడు పొద్దున ఏడింటి దాకా పొడిగా పడుకున్నాడు. తీసి తూస్తే 290! రెండుసార్లు తూచాను. ఒక రాత్రి 255 మిల్లీలీటర్లు పట్టిన చెరువు ఇంకో రాత్రి 165కే తెగిందంటే లోపం చెరువు లోతులో లేదు.

తెగిన డైపర్ని పేపరు మీద పరిచి కత్తెరతో కోశాను. ముందు భాగం ఇడ్లీలా ఉబ్బి ఉంది. వెనక సగం ఎండు అట్టలా ఉంది, ఒక్క చుక్క దిగలేదు. అప్పుడు అర్థమైంది. మా వాడు బోర్లా పడుకుంటాడు, మోకాళ్ళు కడుపు కిందికి లాక్కుని, పిర్రలు ఆకాశంలోకి లేపి. నీళ్ళు పల్లానికి కదా పోతాయి. వాడి పల్లం బొడ్డు దగ్గర. పక్కకి తిరిగి పడుకునే పిల్లలకి తొడ సందుల్లోంచి కారుతుంది, వెల్లకిలా పడుకునేవాళ్ళకి వీపు వైపు పాకుతుంది. తడి ఎక్కడ ఉందో చూస్తే బొక్క ఎక్కడుందో తెలుస్తుంది. ఇన్నాళ్ళూ దుప్పటి తీసి బాత్రూంలో పడేశామే కానీ, ఏ మూల తడిసిందో చూడాలని తోచలేదు.

ఇంకో సంగతి వేగానిది. పిల్లల మూత్రాశయం ఎంత పడుతుందో చెప్పడానికి డాక్టర్లకి ఒక బండలెక్క ఉంది: వయసుకి రెండు కలిపి ముప్పైతో హెచ్చించాలి. రెండేళ్ళవాడికి 120 మిల్లీలీటర్లు. నిద్రలో అది ఒక్కసారిగా వదిలితే ఒక టీగ్లాసుడు కొన్ని సెకన్లలో ఒకే చోట పడుతుంది. డైపర్ లోపల దూదిలాంటి పీచుతో పాటు ఉప్పురవ్వల్లాంటి గింజలుంటాయి, సోడియం పాలీఆక్రిలేట్. మామూలు నీళ్ళు అయితే తమ బరువుకి వందల రెట్లు పీలుస్తాయి. మూత్రంలో లవణాలు ఉంటాయి కాబట్టి అందులో కొద్ది వంతే పీల్చగలవు. అదయినా సరిపోతుంది, కాస్త వ్యవధి ఇవ్వాలంతే. ముందు తడిసినవి ఉబ్బి జిగురుకట్టి దారి మూసేస్తే, వెనకున్న గింజల దాకా నీళ్ళు వెళ్ళవు. ఇన్‌ఫ్లో ఎక్కువై, పిల్ల కాలువలు పూడుకుపోయి, ఆయకట్టు శివారు భూములు ఎండుతున్నాయన్నమాట. ముప్పై నాలుగేళ్ళు రైతులు నాకు ఇదే ఫిర్యాదు ఇచ్చారు.

ఈ గింజల మీద నాకు గౌరవం కలగడానికి మరో కారణం ఉంది. పాంపర్స్‌కి మూలమైన పని 1950లలో చేయించిన విక్టర్ మిల్స్ అనే ఆయన కెమికల్ ఇంజనీరు. తాత కూడా. మనవల గుడ్డలు మార్చడం నచ్చకే ఈ ఆలోచన చేశాడంటారు. 1961లో ఆ డైపర్లని అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలోని పియోరియా అనే ఊళ్ళో అమ్మి చూశారు. అప్పట్లో వాటిలో గింజల్లేవు, ఉత్త కాగితపు గుజ్జే. విచిత్రమేమిటంటే నీళ్ళు పీల్చే పొడి ఒకటి తర్వాత అదే పియోరియాలో, వాళ్ళ వ్యవసాయశాఖ లేబరేటరీలో, మొక్కజొన్న పిండి నుంచి తయారైంది. అదే జాతి సరుకుని మన ఢిల్లీ పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్ళు మెట్ట పొలాల కోసం హైడ్రోజెల్‌గా చేశారు. దుక్కిలో వేస్తే వాన నీళ్ళని పట్టి ఉంచి వేళ్ళకి మెల్లగా వదులుతుంది. మా బుజ్జిగాడి అడుగున ఉన్నది ఒక మెట్ట సేద్యం పథకమని చెబితే మా ఆవిడ "మీకు నిద్ర చాలట్లేదు" అంది.

సరే, మరమ్మతులకి వచ్చాం. అన్నిటికంటే పెద్ద బొక్క తొడల దగ్గర దొరికింది. డైపర్ అంచున కాలి చుట్టూ రెండు వరసల కుచ్చు ఉంటుంది. లోపలి కుచ్చు నిటారుగా నిలబడాలి, అదే గట్టు. నిద్రపోతున్న పిల్లాడికి చీకట్లో తొడిగితే అది లోపలికి మడత పడిపోతుంది. వేలు పెట్టి చుట్టూ ఒకసారి పైకి లాగాలి. అయిదు సెకన్ల పని. దీన్ని చూడకుండా మూడు కంపెనీలు మార్చాం! రెండోది, మగపిల్లాడు కాబట్టి, తొడిగేటప్పుడు వాడి బుల్లి కుళాయి కిందికి చూసేలా సర్దడం. పైకి తిరిగి ఉంటే ధార తిన్నగా నడుం పట్టీలోంచి బయటికే. ఇది అమ్మాయికి చెప్పడానికి మొహమాటపడి అల్లుడుగారికి చెప్పాను. ఆయన ఎర్రబడి, ఆమెకి చెప్పారు.

సైజు సంగతి. ప్యాకెట్టు మీద కిలోల లెక్క ఉంటుంది, కానీ మా వాడి తొడల మీద పొద్దునకి ఎర్రటి గీతలు పడేవి. కొలతకి సరిపోయినా రాత్రికి ఒక సైజు పెద్దది వేశాం. నడుం దగ్గర రెండు వేళ్ళు దూరాలి, నాలుగు దూరితే ఎక్కువ. పగటికి ప్యాంటులా తొడిగేవి సుఖమే. రాత్రికి మాత్రం పక్కన టేపు అంటించేవే మేలనిపించింది, ఎక్కడ బిగించాలో అక్కడ బిగించవచ్చు. దోమ కుట్టిందని మా ఆవిడ రాసే కొబ్బరి నూనె తొడల దాకా రాకుండా చూసుకున్నాం, జిడ్డు అంటిన చోట టేపు అంటదు, గుడ్డా పీల్చదు. పౌడరు ఎప్పుడో మానేశాం. పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుందని పిల్లల డాక్టరు ముందే చెప్పింది. నీళ్ళు ఆపలేదు. పడుకునే ముందు మంచం మీద పాలసీసా మాత్రం మాన్పించాం. అది పళ్ళ కోసం ఎలాగూ మాన్పించాల్సిందే. ఆ పాలేవో ఎనిమిదింటికే గ్లాసుతో తాగించి, తొమ్మిదింటికి ఒకసారి పాటీ మీద కూర్చోబెట్టి, ఆ తర్వాతే కొత్త డైపర్. ఎనిమిదింటికి వేసినది ఇంకా పొడిగానే ఉంది కదా అని దాన్నే ఉంచేయడం మా ఇంట్లో జరిగిన పొదుపుల్లోకల్లా ఖరీదైనది.

ఇంత చేశాక కూడా పదిహేను రోజులకో రాత్రి మోచేయి చల్లబడేది. దానికి పరిష్కారం మా ఆవిడే కనిపెట్టింది. పరుపు మీద నీళ్ళు దిగని షీటు, దాని మీద దుప్పటి, మళ్ళీ షీటు, మళ్ళీ దుప్పటి. మూడింటికి పై జోడీ లాగేస్తే కింద పొడి పక్క సిద్ధం. లైటు కూడా వేయక్కర్లేదు. ఈ షీట్ల బుద్ధి ఆవిడకి కాన్పు రోజుల నుంచీ ఉన్నదే, అప్పుడది ఎర్ర రబ్బరు షీటు. దాని మీద పాత చీర మడత. కొత్త నూలు గుడ్డ గంజి పోయేదాకా నీళ్ళు పీల్చదు. యాభైసార్లు ఉతికిన చీరైతే ముట్టుకోగానే తాగేస్తుంది. పొత్తిగుడ్డలకి పాత చీరలే చింపడంలో పేదరికం కంటే తెలివే ఎక్కువ ఉందని నాకు కాటా పట్టుకున్నాకే తెలిసింది.

అదే సంగతి ఆవిడతో ఒప్పుకుంటే, "పిల్లలు అప్పుడూ పోశారు, ఇప్పుడూ పోస్తున్నారు. పరుపు కొత్తది" అంది. ఆలోచిస్తే నిజమే. చీర ఉయ్యాల్లో పోస్తే బొట్టుబొట్టుగా కింద గచ్చు మీదికో, కింద పెట్టిన బేసిన్లోకో దిగేది. తల్లి తడి మడత తీసి ఇంకో మడత వేసేది. నులక మంచం అయితే అసలు అడ్డే లేదు. ఆ ఇళ్ళన్నీ నీళ్ళు పోనిచ్చే ఇళ్ళు. మేం ఇరవై వేలు పోసి నీళ్ళు తాగే పరుపు కొని, దాని కోసం పిల్లాడికి ఆనకట్ట కడుతున్నాం. అలాగని డైపర్ తప్పనను. పొద్దున్నే ఎనిమిదింటికి ఆఫీసు బస్సెక్కే పిల్లకి రాత్రి మూడుసార్లు గుడ్డలు మార్చమని చెప్పడానికి నాకు నోరు రాదు. ఆ రోజుల్లో మార్చింది నేను కాదు కాబట్టి అసలే రాదు.

మే నెలలో వాణ్ణి మా ఊరు తీసుకెళ్ళాం. డాబా మీద నులక మంచాలు వేశారు. తెచ్చిన ప్యాకెట్టు అయిపోయింది, ఊళ్ళో కొట్లో వాడి సైజు లేదు. మా ఆవిడ వాడికి ఉత్త చొక్కా తొడిగి, మంచం మీద పాత చీర నాలుగు మడతలు వేసి పడుకోబెట్టింది. అలవాటు కొద్దీ మూడింటికి నాకు మెలకువ వచ్చింది. మోచేయి పొడిగానే ఉంది. పక్క మంచం కింద సిమెంటు మీద టప్ టప్‌మని చుక్కలు పడుతున్నాయి. వాడు అటు నుంచి ఇటు తిరిగి పడుకున్నాడు. మా ఆవిడ నిద్రలోనే చెయ్యి చాపి తడి మడత లాగేసింది. అమ్మాయి కదల్లేదు. కాసేపు ఆ చప్పుడు వింటూ పడుకున్నాను.